బేసిక్, డైల్యూటెడ్ ఈపీఎస్ రెండూ ఒకటే అని నమ్మి దెబ్బతిన్నా, మీలో ఎవరికైనా ఇలా అయిందా?

పాతషేరు: మూడేళ్లుగా ఒక చిన్న కంపెనీ షేరు పట్టుకుని కూర్చున్నా. ఈపీఎస్ అంటే షేరుకి వచ్చే లాభం, బేసిక్ ఉన్న షేర్లతో, డైల్యూటెడ్ తర్వాత వచ్చే అవకాశమున్న షేర్లు కూడా కలిపి వేస్తారు కదా. కొనేముందు రెండు ఈపీఎస్‌లూ చూశా, ఒకటే ఉన్నాయి, సరే డైల్యూషన్, అంటే కొత్త షేర్లొచ్చి నా వాటా పలచబడే భయం లేదులే అనుకున్నా. తీరా ఇప్పుడు చూస్తే మొత్తం షేర్లు రెట్టింపు దాటాయి, కంపెనీ లాభాల్లోకి వచ్చినా నాకు ఒరిగిందేం లేదు. ఎక్కడ తప్పు చేశానంటారు?

ఫుట్‌నోట్: అప్పుడు కంపెనీ నష్టాల్లో ఉందా అండి? ఉంటే అదే కారణం. నష్టాన్ని ఎక్కువ షేర్లకి పంచితే షేరుకి నష్టం తగ్గినట్టు కనిపిస్తుంది కదా, అందుకే ఐఏఎస్ 33 అనే అకౌంటింగ్ ప్రమాణం ప్రకారం అలాంటప్పుడు షేర్లుగా మార్చుకోగల బాండ్ల లాంటి కన్వర్టిబుల్స్‌ని డైల్యూటెడ్ లెక్కలోకి తీసుకోరు, రెండు అంకెలూ ఒకటే వస్తాయి. ఇవి లెక్కలో కలపలేదు అని నోట్స్‌లో ఎక్కడో ఉంటుంది, నేనూ ఓసారి అది చదవకుండా చేతులు కాల్చుకున్నా.

సగంవాటా: దానికంటే ముందు కన్వర్షన్ ధర, అంటే బాండుని షేర్లుగా మార్చుకునే ధర, ఫిక్స్‌డా కాదా చూడాలి బ్రో. 10 కోట్ల షేర్లున్న కంపెనీ 100 కోట్లకి కన్వర్టిబుల్ బాండ్లు ఇచ్చింది అనుకో. ధర 50 దగ్గర ఫిక్స్ అయితే వచ్చేవి 2 కోట్ల షేర్లు, నీ 1 శాతం వాటా 0.83 అవుతుంది, పర్లేదు. అదే మార్కెట్ ధర మీద 20 శాతం తక్కువకి అని రాసుకున్నారనుకో, షేరు 10కి పడితే 8 చొప్పున 12.5 కోట్ల కొత్త షేర్లు!! ఉన్నవాటికంటే ఎక్కువ. నీ 1 శాతం 0.44 అయిపోద్ది. పైగా బాండ్లు కొన్నవాళ్లు కొంత మార్చుకుని అమ్ముతారు, ధర పడుద్ది, తర్వాతి విడతకి ఇంకా ఎక్కువ షేర్లొస్తాయి, మళ్లీ అమ్ముతారు. డెత్ స్పైరల్ అనేది దీన్నే.

బాండ్‌బాబు: అన్నిటినీ ఒకే గాటన కట్టకండి. పెద్ద కంపెనీలు మామూలుగా అప్పటి ధర కంటే పైనే కన్వర్షన్ ధర పెడతాయి, వడ్డీ తక్కువ పడుతుంది, మారిపోతే అప్పూ తీరిపోతుంది. కొన్ని క్యాప్డ్ కాల్ అనే ఆప్షన్ (ఆ కొత్త షేర్ల భారాన్ని ఒక హద్దు వరకు భర్తీ చేసేది) కూడా కొనుక్కుంటాయి, కొంతవరకు డైల్యూషన్ ఆగుతుంది. ప్రకటన రోజు షేరు పడిందని కంగారుపడి అమ్మేవాళ్లని చూస్తే నవ్వొస్తుంది, బాండు కొన్న ఫండ్లు హెడ్జింగ్ కోసం, అంటే తమ రిస్క్ తగ్గించుకోడానికి, షేరు షార్ట్ చేయడం (అరువు తెచ్చి అమ్మడం) వల్ల కూడా పడుతుంది అది.

ఫుట్‌నోట్: పెద్దవాటికి ఓకే. ఆయన చెప్పేది చిన్న కంపెనీ కదండీ. పాతషేరు గారూ, ఫ్లోర్ ధర ఉందేమో చూడండి, అంటే ఇంతకంటే తక్కువకి మార్చుకోకూడదు అనే హద్దు. ఫుల్ రాచెట్ అనే మాట కూడా వెతకండి. అది ఉంటే రేపు కంపెనీ ఇంకొకరికి చవగ్గా షేర్లిచ్చినా పాత బాండ్ల కన్వర్షన్ ధర కూడా అక్కడికే దిగుతుంది.

పాతషేరు: ఇప్పుడే నోట్స్ తీసి చూశా. మార్కెట్ ధర మీద డిస్కౌంట్ అనే ఉంది, ఫ్లోర్ ఊసే లేదు. ఇంకా మార్చుకోని బాండ్లు మూడో వంతు మిగిలే ఉన్నాయట. సగం రేపే అమ్మేస్తున్నా, మిగతాది చూడాలి.