ఎనిమిది నెలల పాప ఉన్న ఇంట్లోకి బోర్డర్ కోలీ: తేవాలా, వద్దా?

పటమట నాన్న:
మాది పటమటలో మూడో అంతస్తు, రెండు బెడ్‌రూమ్‌ల ఫ్లాటు. పాపకి ఎనిమిదో నెల, ఇప్పుడిప్పుడే దోగాడుతోంది. తెలిసినవాళ్ళ దగ్గర బోర్డర్ కోలీ జాతి కుక్కపిల్లలున్నాయి, రెండు నెలలవి, అందులో ఒకటి వచ్చి నా చెప్పు పట్టుకుని వదల్లేదు, అంతే, అక్కడికక్కడే ఐదు వేలు అడ్వాన్స్ ఇచ్చి వచ్చేశా. ఇంట్లో చెప్పలేదింకా. చిన్నప్పటి నుంచీ కలిసి పెరిగితే పాపకీ దానికీ మచ్చిక అవుతుంది, పైగా అంత తెలివైన కుక్క ఇంకోటి లేదంటారు, చెప్పిన మాట వింటుంది కదా అని నా లెక్క. మా ఆవిడ కుక్క వద్దనదు, ఇప్పుడు వద్దంటుంది. మా అమ్మకి కుక్కంటేనే పడదు, అది వేరే సంగతి. తిట్టేవాళ్ళు తిట్టండి గానీ కారణం చెప్పి తిట్టండి.

గుణదల ల్యాబ్:
కోలీ ఎందుకు బ్రో, ల్యాబ్ (లాబ్రడార్) తెచ్చుకో. మా బాబు పుట్టేసరికి మా దానికి నాలుగేళ్ళు. వాడు దాని చెవి పట్టుకునే లేచి నిలబడటం నేర్చుకున్నాడు, అది ఒక్కసారి గుర్రుమన్నది లేదు. పిల్లలున్న ఇంటికి ల్యాబ్‌ని మించింది లేదు.

బ్రాడీపేట బాబాయ్:
నాలుగేళ్ళ ల్యాబ్ వేరు, నాలుగు నెలల ల్యాబ్ వేరయ్యా. నీ దానికి అల్లరి వయసు దాటాక బాబు పుట్టాడు, నీ అదృష్టం. రెండేళ్ళు వచ్చేదాకా ల్యాబ్‌కి బుద్ధి కన్నా బలం ఎక్కువ. పాతిక ముప్పై కేజీల కుక్క సంబరంగా తోక ఊపితే టీపాయ్ మీద గ్లాసులే పోతాయి, గోడ పట్టుకుని నిలబడే పిల్ల సంగతేంటి? చెవి లాగినా ఊరుకుందని మురిసిపోకండి కూడా. తల తిప్పేసుకుంటున్నా, ఊరికే పెదాలు నాక్కుంటున్నా, నిద్ర రాకపోయినా ఆవులిస్తున్నా, నన్నొదిలెయ్ అని అడుగుతోందని అర్థం. ఎన్నిసార్లు అడిగినా వినకపోతే ఆఖరికి పళ్ళతో చెప్తుంది.

ఇక కోలీ. ఇంగ్లండ్, స్కాట్లండ్ సరిహద్దు కొండల్లో గొర్రెల్ని తోలడానికి పెంచిన జాతి అది. పని చూపించకపోతే తనే కల్పించుకుంటుంది. మా బావగారింట్లో ఒకటుండేది. ఓ వేసవి సెలవులకి పిల్లలు ఐదుగురు చేరి హాల్లో పరుగులు. అది తల దించి, పొట్ట నేలకి ఆనేంతగా వంగి, కన్నార్పకుండా చూస్తూ వాళ్ళ చుట్టూ తిరగడం మొదలెట్టింది. మేమంతా నవ్వుతూ ఫోన్లు తీశాం. చిన్నాడు గుంపులోంచి విడిపోయి వంటింటి వైపు పరిగెత్తాడు, వాడు గడప దాటేలోపే వెనకనించి వెళ్ళి మడమ దగ్గర ఒక్క కొరుకు కొరికింది. ప్యాంటు చిరిగింది, రక్తం రాలేదు గానీ వాడు వెళ్ళి గడప మీద పడితే నుదుటి మీద నిమ్మకాయంత బొప్పి. కుక్కకి కోపం లేదు, దాని దృష్టిలో తప్పిపోయిన గొర్రెని మందలో కలిపింది. మీ పాప ఇంకో ఏడాదిలోపే పరుగులు పెడుతుంది. మందలో ఉన్నది ఒక్కటే గొర్రె, ఇక చూసుకోండి దాని డ్యూటీ.

భవానీపురం:
ట్రైనింగ్ ఇస్తే ఇవన్నీ అదుపులోకి వస్తాయండీ. చేతకాని ఓనర్లు జాతిని ఆడిపోసుకుంటారు. మా పక్కింట్లో కోలీని హాయిగా పెంచుతున్నారు.

బ్రాడీపేట బాబాయ్:
పక్కింట్లో చిన్నపిల్లలున్నారా?

భవానీపురం:
లేరు. రిటైరైన దంపతులు. పక్కన ఖాళీ స్థలం కూడా ఉందనుకోండి.

బ్రాడీపేట బాబాయ్:
అదీ.

కాలువ గట్టు హస్కీ:
జాతి గురించి కొట్టుకుంటున్నారు, ఊరి గురించి ఎవరూ మాట్లాడరేం? ఇది బెజవాడ. మే నెలలో పొద్దున తొమ్మిదికే రోడ్డు కాలుతుంది. కుక్కకి మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, రొప్పి రొప్పి చల్లబడాలి, మన ఉక్కలో అదీ సరిగ్గా జరగదు. మాది హస్కీ (బుద్ధి గడ్డి తిని కొన్నా, సైబీరియా కుక్కని కృష్ణ ఒడ్డుకి తెచ్చిన పాపం నాదే). వేసవంతా పొద్దున ఐదింటికి బందరు కాలువ గట్టు, మళ్ళీ రాత్రి తొమ్మిదికి, మధ్యలో రోజంతా ఏసీ. కరెంటు బిల్లు అడక్కండి. పెరిగిన కోలీకి రోజుకి గంటన్నర, రెండు గంటలు పరుగో ఆటో ఉండాలి, వీధి చివరిదాకా నడిపించి తెస్తే చాలదు, బుర్రకి కూడా ఏదో ఒక పని పెట్టాలి. పెట్టని రోజు సోఫా కొరికేస్తుంది, లేదా మొరుగుతూనే ఉంటుంది, గంటసేపు జోకొడితే పడుకున్న పాప లేచి కూర్చుంటుంది.

సింగ్‌నగర్ చెల్లి:
అసలు కొనడమెందుకు? 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి మా వీధి మునిగినప్పుడు మేడ మీదకి ఎక్కించిన వీధికుక్క ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. పొట్టి బొచ్చు, ఎండకి తట్టుకుంటుంది. మా అక్క కూతురికి ఏడాదిన్నర, అది వస్తే మా కుక్క మంచం కిందకి వెళ్ళి పడుకుంటుంది, పిల్ల నిద్రపోయాకే బయటికి వస్తుంది, అంత తెలివి. కుక్కపిల్ల వద్దు, పెద్దది తెచ్చుకోండి అన్నయ్యా, గుణం ముందే తెలిసిపోతుంది.

గన్నవరంలో చదివినవాణ్ణి:
పశువైద్యుణ్ణి. చెల్లి చెప్పింది నిజం, కాకపోతే ఆ కుక్క పిల్లల మధ్య ఎలా ఉంటుందో రెండు మూడుసార్లు చూశాకే తేవాలి. ఇక రెండు నెలల కుక్కపిల్ల గురించి. దానికి రేబిస్ టీకా ఇంకా పడి ఉండదు, మూడో నెలలో వేస్తాం. ఈలోపు దాని పాలపళ్ళు సూదుల్లా ఉంటాయి, దొరికిందల్లా కొరికే వయసు. పాప చేతికి పన్ను గీసుకుంటే సబ్బుతో 15 నిమిషాలు కడిగి ఆసుపత్రికి పరిగెత్తాలి, మన కుక్కే కదా అని ఊరుకోకూడదు. చాలా కుక్కపిల్లలకి నులిపురుగులు తల్లి నుంచే వస్తాయి, మూడు నెలలు వచ్చేదాకా రెండు వారాలకోసారి మందు పట్టాలి, మీ పాపేమో నేల మీద ఏది కనిపిస్తే అది నోట్లో పెట్టుకునే వయసులో ఉంది. వీటన్నిటికీ మందులున్నాయి, కాపలాకి మాత్రం మందు లేదు. ఏ జాతైనా సరే, పాపనీ కుక్కనీ ఒక గదిలో వదిలి స్నానానికి కూడా వెళ్ళకూడదు.

అరండల్‌పేట అక్క:
ఆ కాపలా ఎవరు కాస్తారో ఎవరూ అడగరే! తమ్ముడూ, నువ్వు తొమ్మిదికి ఆఫీసుకి పోతావు. ఒక చంకలో పాప, ఇంకో చేత్తో కుక్క ఉచ్చ తుడిచే గుడ్డ, మధ్యలో అత్తగారి సణుగుడు, ఇదంతా మీ ఆవిడ ఖాతాలోకే. పాప పుట్టాక ఆవిడ ఒక్క రాత్రి సరిగ్గా పడుకుందా? ఒక పని చెయ్యి. కుక్క లేకుండానే పది రోజులు పొద్దున ఐదింటికి లేచి గంట నడిచి రా, రాత్రి ఇంకో గంట. పది రోజులూ తప్పకుండా వెళ్ళినవాడివైతే అప్పుడు మాట్లాడదాం.

పటమట నాన్న:
అక్కా, వారం తర్వాత వచ్చి రాస్తున్నా. నాలుగు రోజులు వెళ్ళా. ఐదో రోజు పాప రాత్రంతా ఏడుపు, పళ్ళొస్తున్నాయి. ఐదింటికి అలారం మోగితే లేచి ఆపింది మా ఆవిడ. ఎందుకీ అలారం అని అడిగింది. చెప్పేశా, అడ్వాన్సుతో సహా. ఏమీ అనలేదు, అదే భయంగా ఉంది. అడ్వాన్స్ తిరిగి ఇవ్వం, ఎప్పుడు కావాలంటే అప్పుడు వేరే ఈతలో పిల్లనిస్తాం అంటున్నారు వాళ్ళు. కోలీ ఆలోచన మానేశా బాబాయ్ గారూ, కుక్క ఆలోచన మాత్రం మానలేదు.

గుణదల ల్యాబ్:
ఆదివారం పాపని తీసుకుని మా ఇంటికి రా బ్రో, మా ముసలిదాని దగ్గర ఓ గంట కూర్చుందురు గానీ. మీ ఆవిడని కూడా తీసుకురా.

పటమట నాన్న:
మాట్లాడటం మొదలెట్టాక అడుగుతా.