ఇంజన్ వెనక కూలెంట్ లీక్, చెయ్యి దూరడం లేదు

రిజర్వాయర్‌లో కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) తగ్గుతూనే ఉంది. కింద చుక్క పడదు గానీ ఇంజన్ వేడెక్కితే తియ్యటి వాసన. టార్చ్ వేసి చూస్తే ఇన్‌టేక్ మానిఫోల్డ్ (ఇంజన్‌లోకి గాలి పంపే గొట్టాల భాగం) కింద, గేర్‌బాక్స్ మీద తెల్లటి పొడి మరక. అక్కడికి చెయ్యి కాదు కదా, స్పానర్ కూడా వెళ్లదు. లీక్ ఆపే మందు పోస్తే సరిపోతుందా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు:
మందు మాత్రం పోయకండి అన్నా, అది హీటర్ కోర్‌లోని (క్యాబిన్‌కి వేడి గాలి ఇచ్చే చిన్న రేడియేటర్) సన్నటి దారుల్ని కూడా మూసేయొచ్చు. ముందు లీక్ ఎక్కడో తేల్చుకోండి. ఇంజన్ పూర్తిగా చల్లారాక కూలెంట్ మూత తీసి ఆ చోట ప్రెషర్ టెస్టర్ (ముల్లున్న చేతి పంపు) బిగించి, మూత మీద రాసి ఉన్న ప్రెషర్ వరకే పంపు కొట్టి కాసేపు వదిలేయండి. ముల్లు పడిపోతుంటే చిన్న అద్దం పెట్టి చూడండి, తడి కనిపిస్తుంది.

జవాబు:
ఆ మూల ఎక్కువగా కారేది వాటర్ పైపు చివర ఓ-రింగ్ (లీక్ ఆపే గుండ్రటి రబ్బరు రింగ్), లేదంటే హీటర్ హోస్ క్లాంప్. సందులోంచి తంటాలు పడే కన్నా మానిఫోల్డ్ విప్పడమే నయం, దాని గాస్కెట్ (అతుకులో పెట్టే సీలు) కొత్తది వేయండి. విప్పగానే ఇంజన్ పోర్టుల్లో (గాలి లోపలికి వెళ్లే రంధ్రాలు) శుభ్రమైన గుడ్డ కుక్కండి, ఒక్క నట్టు లోపల పడిందా, ఇంజన్ పైభాగమైన హెడ్ విప్పే దాకా వెళ్తుంది పని. ఓ-రింగ్‌కి మామూలు గ్రీజు వద్దు, కూలెంట్‌కి వాడే రబ్బరు చాలావరకు నూనె తగిలితే ఉబ్బిపోతుంది; కూలెంట్‌తోనే తడిపి తొడగండి. పైపు కూర్చునే గాడిలో తుప్పు ఉంటే కొత్త రింగ్ కూడా నిలవదు, ముందు అది గీకి నున్నగా చేయాలి.

జవాబు:
చివర్లో కూలెంట్ దారిలో చిక్కుకున్న గాలి తీయడం మర్చిపోకండి. హీటర్ ఫుల్ వేడిలో పెట్టి కూలెంట్ నింపండి, చల్లారాక లెవెల్ మళ్లీ చూడండి. వేడి మీద మూత అస్సలు తీయొద్దు.