ఒజ్జ, ఒజ్జబంతి, మేలుబంతి: ఫుట్‌బాల్ కోచ్‌కు ఏ మాట సరిపోతుంది?

హైదరాబాద్ ఫుట్‌బాల్ ఆటగాడు సయ్యద్ నయీముద్దీన్ గురించి మొన్న మన గుంపులో మాటలు నడుస్తుంటే ఒక మిత్రుడు అడిగారు: "దేశానికి ఆడి, తర్వాత కోచ్ అయిన మనిషిని ఒజ్జబంతి అనొచ్చా? ఒజ్జ అంటే గురువు, బంతి ఎలాగూ ఉంది కదా." ప్రశ్న నాకు బాగా నచ్చింది. వ్యాఖ్యలో ఇమిడేది కాదని విడిగా రాస్తున్నాను.

ముందు బంతి సంగతి. ఒజ్జబంతిలో ఉన్నది కాలితో తన్నే బంతి కాదు. సంస్కృతంలోని పంక్తి తెలుగులో బంతి అయింది. పెళ్లిళ్లలో మొదటి బంతి, రెండో బంతి అంటామే, అదే ఇది. "వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే" అనే సామెతలో ఉన్నదీ ఇదే. ఆడుకునే బంతి వేరు, అది ద్రావిడ మాట. తమిళులు పందు అంటారు. రెండూ వేర్వేరు దారుల్లో వచ్చి ఒకే రూపంలో నిలిచాయి.

ఒజ్జ అంటే గురువే. ఉపాధ్యాయ అనే మాట ప్రాకృతంలో ఉవజ్ఝాయ అయి, తెలుగుకు వచ్చేసరికి ఒజ్జ అయింది. ఉత్తరాదిలో ఓఝా అనే ఇంటిపేరు కూడా అదే. మన కరీంనగర్, వరంగల్ వైపు విశ్వకర్మల ఇంటిపేర్ల చివర వినిపించే ఓజు కూడా ఈ కొమ్మదేనని పెద్దలు చెబుతారు. పని నేర్పే మనిషికి ఆ పేరు రావడం నాకు సహజంగానే అనిపిస్తుంది.

ఇక రెండూ కలిస్తే? గురువు పలక మీద పైన ఒక వరుస రాసిస్తాడు. పిల్లవాడు దాన్ని చూస్తూ కింద రాస్తాడు. పైనున్న ఆ వరుసే ఒజ్జబంతి. చూసి నేర్చుకోదగ్గది, ఆదర్శం అనే అర్థం అక్కడి నుంచి వచ్చింది. మేలుబంతి కూడా ఇలాంటిదే. కాబట్టి ఒజ్జబంతి అంటే గురువు కాదు, గురువు రాసిచ్చిన వరుస. ఈ తేడా పట్టుకుంటే కోచ్ సంగతి కూడా తేటపడుతుంది.

గొప్ప ఆటగాడు మేలుబంతి. అతని ఆట చూసి పిల్లలు నేర్చుకుంటారు. అంతమాత్రాన ఒజ్జ అయిపోడు. ఒజ్జ పని దిద్దించడం. తెలుగులో ఈ దిద్దు అనే క్రియ ఎంత గొప్పదో చూడండి. అక్షరాలు దిద్దుతాం, తప్పులూ దిద్దుతాం. రాసినదాని మీద మళ్లీ మళ్లీ రాయడానికీ, తప్పును సరిచేయడానికీ ఒకటే మాట. కోచ్ చేసే పనులు ఈ రెండే.

కాజీపేటలో ఒక పొద్దున చూశాను. పన్నెండేళ్ల పిల్లవాడు ఎడమ వైపు వచ్చిన ప్రతి బంతినీ చుట్టూ తిరిగి వచ్చి కుడి కాలితోనే కొడుతున్నాడు. కోచ్ కేకలు వేయలేదు. దగ్గరికొచ్చి కింద కూర్చుని, వాడి ఎడమ చీలమండ పట్టుకుని, పాదం లోపలి వైపు బంతికి ఎదురుగా వచ్చేలా తిప్పి, "ఇగో, గిక్కడ తాకాలె. కుడి కాలు బంతి పక్కకు వెట్టు" అన్నాడు. గోడకు కొట్టించాడు. బంతి పక్కకు పోయింది. మళ్లీ కూర్చుని మళ్లీ తిప్పాడు. దిద్దించడం అంటే నాకు గుర్తొచ్చేది అదే.

ఎడమ కాలి మాట వచ్చింది కాబట్టి రహీం సాబ్ గురించి చెప్పాలి. సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాద్‌లో బడిపంతులు. దేశం తరఫున ఆడిన మనిషి కాదు. కానీ ఆయన దిద్దించిన జట్టు 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. బలహీనమైన కాలితోనే ఆడాలి, డ్రిబ్లింగ్ చేయకూడదు అని షరతులు పెట్టి కుర్రాళ్లకు టోర్నీలు నడిపేవారు. మేలుబంతి కాకుండానే నేరుగా ఒజ్జ అయిన మనిషి అంటే నేను ముందు ఆయన పేరే చెబుతాను.

నయీముద్దీన్ రెండూ. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టుకు కెప్టెన్. అదే ఏడాది అర్జున అవార్డు. 1990లో ఆయన కోచ్‌గా ఉన్న కోల్‌కతా క్లబ్ ఈస్ట్ బెంగాల్ ఐఎఫ్ఏ షీల్డ్, డ్యూరాండ్, రోవర్స్ టోర్నీలు మూడూ గెలిచింది. ఆ ఏడాదే ద్రోణాచార్య అవార్డు. భారత జట్టుకూ, తర్వాత బంగ్లాదేశ్ జట్టుకూ కోచ్‌గా పనిచేశారు. శిష్యుడి పేరున ఒకటి, గురువు పేరున ఒకటి ఒకే మనిషికి దక్కాయి. ఆటగాడిగా అంత పేరున్నవాళ్లు మళ్లీ మైదానంలో నిలబడి, పాస్ ఇవ్వడం తెలియని కుర్రాడికి ఓపికగా చెప్పడం చిన్న విషయం కాదు. తమకు ఒంట్లోంచి వచ్చేసిన పనిని ముక్కలు చేసి చెప్పాలి. చాలామంది గొప్ప ఆటగాళ్లు అక్కడే ఆగిపోతారు.

ఆ మాటల కింద వచ్చిన మరో రెండు ప్రశ్నలకు కూడా ఇక్కడే జవాబు చెబుతాను.

"పత్రికల్లో శిక్షకుడు అని రాస్తున్నారు కదా, అది చాలదా?"

తప్పేమీ లేదు. సంస్కృతంలో శిక్ష అంటే నేర్పడమే. ఆరు వేదాంగాల్లో ఒకటైన ఉచ్చారణ శాస్త్రం పేరు కూడా శిక్ష. అయితే తెలుగులో శిక్ష అనగానే జైలో, జరిమానానో గుర్తొస్తాయి. శిక్షణ ఆ మచ్చ లేకుండా బతికింది గానీ శిక్షకుడు ఇంకా అచ్చులోనే ఉంది, మైదానంలోకి రాలేదు. హనుమకొండలో ఏ పిల్లవాడూ "మా శిక్షకుడు వచ్చాడు" అనడు.

"మరి ఏమంటారు?"

ఎక్కువగా సారు. "సారు వచ్చిండు, ఉరుకురా" అంటారు. కోచ్ సారు అని కూడా వింటాను. కుస్తీల దగ్గర ఉస్తాద్, ఆ నేర్పే చోటు తాలీం. నేర్పేవాణ్ని గౌరవంగా పిలవడానికి తెలంగాణలో సారు చాలు, జయశంకర్ సారు అన్నాక వివరణ ఎవరికీ అక్కర్లేదు. అందుకే నా అభిప్రాయం: మాట్లాడేటప్పుడు కోచ్, సారు అలాగే ఉండనిద్దాం, అవి మనవే అయిపోయాయి. రాసేటప్పుడు మాత్రం ఒజ్జను మళ్లీ వాడదాం. "దేశానికి ఆడిన మేలుబంతి, తర్వాత ఒజ్జ అయ్యాడు" అని ఒక వార్తలో రాస్తే పాఠకుడికి అర్థం కాకపోదు.

గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి వైపు వాళ్లు ఈ గుంపులో ఉన్నారు. బొగ్గుగనుల కాలనీల మైదానాల్లో ఆట నేర్పేవాణ్ని పాత రోజుల్లో ఏమని పిలిచేవారో చెప్పండి. ఉస్తాద్ అనేవారా, ఇంకేదైనా మాట ఉండేదా? ఎవరి నోట విన్నారో కూడా రాస్తే మేలు.