కడూనాకు కొత్తగా పోయేటోళ్లకు: అక్కడి ఇమాం, పాస్టర్ల శాంతి పని

ప్రశ్న: మాది దేవరకొండ. నైజీరియాల కడూనాల ఉద్యోగం దొరికింది. ముస్లింలకు, క్రైస్తవులకు లొల్లులైతయని విని అమ్మ పోవద్దంటుంది. ఎట్ల మసలుకోవాలె అన్నా?

జవాబు: తమ్మీ, ముందుగాల ఊరి తీరు తెలుసుకో. నడుమ కడూనా నది. 2000 సంవత్సరంల షరియా (ఇస్లాం చట్టం) మీద అల్లర్లైనంక ఎవరి దిక్కు వాళ్లు సర్దుకున్నరు: ఉత్తరాన ఎక్కువ ముస్లింలు, దక్షిణాన ఎక్కువ క్రైస్తవులు. ఆఫీసోళ్లను అడగంది ఇల్లు మాట్లాడకు.

ఆ ఊళ్లెనే ఇమాం మహమ్మద్ అషాఫా, పాస్టర్ జేమ్స్ వూయే చెరో ముఠాల ఉండి కొట్లాడినోళ్లు. 1992 గొడవల్ల వూయే చెయ్యి పోయింది, అషాఫా గురువు ప్రాణం పోయింది. అసొంటోళ్లు 1995ల కలిసి ఇంటర్‌ఫెయిత్ మీడియేషన్ సెంటర్ (మతాల నడుమ రాజీ కుదిర్చే సంస్థ) పెట్టిన్రు. వాళ్లు రెండు పక్షాలను వెంటనే ఒక్క దగ్గర కూసోబెట్టరు. మొదలు విడివిడిగా కలిసి, కడుపుల ఉన్నదంతా చెప్పనిస్తరు. తర్వాతనే ఎదురెదురుగ కూసోబెట్టి, ఖురాన్, బైబిల్ రెండూ ముందర పెట్టి మాట్లాడుతరు. 2004ల నైజీరియాలనే ప్లాటో రాష్ట్రంల ఉన్న యెల్వా ఊళ్లె ఘోరంగ నరుక్కున్నంక, ఇదే తీరుగ 2005 ఫిబ్రవరిల రాజీ కుదిరింది. తొందరపడితే మొదటి మాటకే లేచిపోతరు.

ఇంకో జవాబు: అన్న చెప్పింది నిజం, గని సంతకంతోనే పని కాదు. 2002 ఆగస్టుల కడూనాల రెండు మతాల పెద్దలు శాంతి ప్రకటన మీద సంతకాలు చేసిన్రు. అదే ఏడు నవంబర్‌ల, నైజీరియాల పెట్టాలనుకున్న మిస్ వరల్డ్ పోటీ మీద పేపర్‌ల వచ్చిన రాతకు ఊరు అంటుకుంది, 200 మందికి పైగ చచ్చిపోయిన్రు. పెద్దల మాట గల్లీ పోరగాళ్లదాక దిగకపోతే అంతే.

అన్నిటికీ మూలం మతమే అనుకోకు. భూమి, పశువుల మేత, ‘స్థానికుడు’ అనే సర్టిఫికెట్ ఎవరికి దక్కాలె అనే కొట్లాటలు కూడ ఉన్నయి. మన ముల్కీ పంచాయితీ యాద్ చేసుకో, సగం అర్థమైతది.

నీ చేతుల ఉన్నది పుకారు ఆపుడు. వాట్సాప్‌ల ‘ఫలానా చోట చంపిన్రు’ అని వస్తే ఎక్కడ, ఎప్పుడు, ఎవరు చూసిన్రు అని అడుగు. ఊరి గ్రూపుల అసలే పెట్టకు. ఆఫీసు సెక్యూరిటీ ఆఫీసర్‌ను, లేకుంటే మీ వాడ పెద్ద మై అంగువాను అడుగు. నువ్వు అక్కడికి పోయినంక మొదటి వారంలనే మై అంగువాను కలిసి నంబర్ తీసుకో. ఏ మతం మంచిదని ఎవరడిగినా నోరు తెరవకు. అబుజాల ఇండియన్ హైకమిషన్‌ల పేరు రాయించుకో. కర్ఫ్యూ పెడితే ఒక్కోసారి 24 గంటలు గడప దాటనియ్యరు, అందుకే వారానికి సరిపడ బియ్యం, పప్పు, తాగే నీళ్లు, జనరేటర్ నూనె ఇంట్ల ఉంచుకో.