తెగితే తనే అతుక్కునే వెలుగు పొర: పనికొస్తుందా, ఆర్భాటమేనా?

మెత్తరోబో: 2016లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 480 శాతం దాకా సాగినా వెలుగు ఆగని పొర చేశారు. 2019లో సింగపూర్‌ జాతీయ విశ్వవిద్యాలయంలో బెంజమిన్ టీ బృందం హీలియోస్ అనే వెలుగు పొర తెచ్చింది, అది కోసినా అతుక్కుంటుంది. రబ్బరులా వంగి సాగే మెత్తటి రోబోలకి ఇక ఇదే దారి అంటాను. కాదంటే చెప్పండి.

పాతసోల్డర్: రోబో సంగతి సరే, చేతి బ్యాండ్‌లా ఒంటి మీద వేసుకునేదానికి ఎన్ని వోల్టులు కావాలో చెప్పలేదే? ఈ పొరల్లో వెలిగేది జింక్ సల్ఫైడ్ పొడి, దానికి బలమైన ఏసీ, అంటే దిశ మారుతూ ఉండే విద్యుత్ క్షేత్రం కావాలి.

మెత్తరోబో: హీలియోస్ గొప్పదనమే అది కదండీ. పొడిని పట్టి ఉంచే ఆ రబ్బరులాంటి పదార్థానికి డైఎలక్ట్రిక్ స్థిరాంకం (విద్యుత్ క్షేత్రానికి అది ఎంతగా స్పందిస్తుందో చెప్పే కొలత) ఎక్కువ, అందుకే వెలిగే పొడి మీద క్షేత్రం ఎక్కువ పడుతుంది, తక్కువ వోల్టేజీతోనే వెలుగుతుంది. అంతకుముందు వాటికంటే నాలుగో వంతు చాలట.

పాతసోల్డర్: నాలుగో వంతు అంటే ఎంత? అంకె చెప్పండి.

చినుకు: మళ్లీ వోల్టుల గొడవ మొదలు 🙂

మెత్తరోబో: అది పొర మందాన్ని బట్టి ఉంటుంది, ఒక్క అంకె ఎలా చెప్తాను? మీకు వినే ఉద్దేశం లేదు.

పాతసోల్డర్: సరే, అతుకు సంగతి చూద్దాం. తెగిన అంచులు రెండూ ఆనుకుని ఉండాలి, అప్పుడే గొలుసుల్లా ఉండే పొడవాటి అణువులు కదిలి మళ్లీ బంధాలు వేసుకుంటాయి. ముక్కే ఊడిపోతే? దుమ్ము పడితే? నా చేతి బ్యాండ్ పట్టీ తెగితే, ‘విడిగా మార్చలేం, కొత్తది కొనుక్కోండి’ అన్నారు.

మెత్తరోబో: నీ పట్టీకీ దీనికీ సంబంధం ఏంటి? ప్రతి చర్చలోనూ నీ పట్టీయేనా?

నిదానం: మీరు, గారు వదలకండి ఇద్దరూ.

పాతసోల్డర్: సంబంధం ఉంది. తనే బాగుపడుతుందని చెప్పి, విప్పడానికి వీల్లేకుండా మొత్తం అతికించేసి అమ్ముతారు. పొర అతుక్కుంటుంది, లోపల బ్యాటరీ పోతే మాత్రం చెత్తబుట్టే. నా గొడవ వోల్టులతో కాదు.

మెత్తరోబో: అది ముందే చెప్పొచ్చు కదా! కానీ నేను అడిగింది రోబో గురించి. శిథిలాల్లో దూరే మెత్తటి యంత్రానికి అక్కడ రిపేరు ఎవరు చేస్తారు?

పాతసోల్డర్: దానికైతే ఒప్పుకుంటా. చేతి బ్యాండ్‌కి ఒప్పుకోను.

చినుకు: మరి దేనికి పనికొస్తుందని అడుగుతున్నారో శీర్షికలో ఎందుకు చెప్పలేదు?