'ది రెబెల్' (1961): సబ్‌టైటిల్స్ ముందుకు జరిగిపోతున్నాయి, ఎలా సరిచేయాలి?

టీవీ హాస్యనటుడు టోనీ హాన్‌కాక్ గుమాస్తా పని వదిలి ప్యారిస్‌లో చిత్రకారుడయ్యే సినిమా అండీ. అసలు నిడివి 105 నిమిషాలు. బ్రిటన్ టీవీ ప్రమాణమైన పాల్ (PAL) పద్ధతి డీవీడీలో సెకనుకు 24కి బదులు 25 ఫ్రేములు పరుగెత్తడంతో 101కి తగ్గుతుంది, గొంతూ కాస్త సన్నబడుతుంది. హాన్‌కాక్ హాస్యంలో సగం ఆ ఈసురోమనే గొంతులోనే ఉంది, అది చెడకూడదు. అందుకే 24 ఫ్రేముల బ్లూరే చూస్తున్నాను. దానికి డీవీడీ సబ్‌టైటిల్స్ జతచేస్తే, గంట గడిచేసరికి రెండున్నర నిమిషాలు ముందే పడుతున్నాయి. మొదటి డైలాగుకి కలిపినా లాభం లేదు, తేడా పెరుగుతూనే ఉంది. టైమింగ్ మొత్తాన్ని 1.0417తో గుణిస్తే సరిపోతుందా? ఫైలు సెకనుకు 23.976 ఫ్రేములది అయితే 1.0427 వాడాలా? ఇంకోటి: 'కాల్ మీ జీనియస్' పేరుతో వెళ్లిన అమెరికా ప్రింటులో పేరు ఒక్కటే మారిందా, సీన్లు కూడా కత్తిరించారా? రెండూ పోల్చి చూసినవాళ్లు దయచేసి చెప్పండి.