ఈ వారం సమస్య: "నీటి నడుమ మంట నిలిచి వెలిగె"

పోయిన పుష్యమాసంలో నలుగురం స్నేహితులం రెండు కానోలు వేసుకుని కాళేశ్వరం దగ్గర గోదావరిలో దిగాం. మన పుట్టి గుండ్రంగా ఉండి ఎటంటే అటు తిరుగుతుంది. కానో సన్నగా, పొడుగ్గా ఉంటుంది కాబట్టి నేరుగా పోతుందనుకున్నాం. కుడిపక్కనే తెడ్డు వేస్తూ కూర్చుంటే ముక్కు ఎడమకు తిరుగుతుందని నది మధ్యకు పోయాక గాని తెలియలేదు. ప్రాణహిత వచ్చి కలిసే చోటు చూసి, చీకటి పడకముందే నడి ఏట్లో ఒక ఇసుక దిబ్బ ఎక్కి టెంటు వేశాం. పగలంతా కాలిన ఇసుక రాత్రి ఎనిమిదికల్లా మంచుగడ్డ. కింద వరిగడ్డి పరుచుకొమ్మని ఊళ్లో జాలరి చెబితే నవ్వి వచ్చాం. అర్ధరాత్రి ఆ గడ్డే గుర్తొచ్చింది.

ఆ దిబ్బ మీద చలిమంట ముందు పుట్టిన పాదమే ఈ సమస్య. ఆటవెలది నాలుగో పాదం, ఐదూ సూర్యగణాలే (మూడేసి మాత్రల చిన్న గణాలు). యతి, అంటే పాదం మొదటి అక్షరంతో నాలుగో గణం మొదటి అక్షరం కలవడం, ఇక్కడ నీ–ని. పై మూడు పాదాలు మీవి, అదే పూరణ.

పూరణలు చాలా వచ్చాయి. ముందే చెబుతున్నా, బడబాగ్నిని పట్టుకొచ్చిన వాళ్లను ఇక్కడ పెట్టడం లేదు. సముద్రంలో నిప్పు ఉందని పురాణం ఎప్పుడో చెప్పింది, అది పూరణ కాదు, అప్పు. ఒకరు త్రివేణీ సంగమంలోని అంతర్వాహిని సరస్వతినే మంట చేశారు. ఊహ బాగుంది, గణాలు మాత్రం సరస్వతితో పాటే కనిపించకుండా పోయాయి.

మంథని సభ్యుడు:

పుష్య మాస రాత్రి పొగమంచు కమ్మగా
పడవ నాపి యిసుక పైకి నెక్కి
ఎండు పుల్ల లేరి యిద్దరు రాజేయ
నీటి నడుమ మంట నిలిచి వెలిగె.

ధార ఉంది, ఎక్కడా తట్టుకోదు. రెండు సందేహాలు. మంచు కమ్మిన రాత్రి ఎండు పుల్లలు ఎక్కడివి? ఆ "ఇద్దరు" పనికోసం వచ్చారా, ఎ–యి యతికోసం వచ్చారా?

మంథని: సార్, వరద తెచ్చి దిబ్బ నెత్తిన పడేసిన దుంగ ఒకటి దొరికింది. పైన తడి, చీలిస్తే లోపల గలగలలాడే పొడి. ఇక మిగతా ఇద్దరూ టార్చిలైటు పట్టుకుని సలహాలిచ్చారు.

అయితే ఒప్పుకుంటున్నా. పొయ్యికి నదిలోంచి తీసిన తడి గుండ్రాళ్లు మాత్రం పెట్టకండి. లోపలి తేమ ఆవిరై రాయి టప్పున పేలుతుంది. మాకు ఒకటి పేలింది, టీ గిన్నె కూడా దాంతోనే పోయింది.

హన్మకొండ విద్యార్థి (మొదటి ప్రయత్నం అన్నాడు):

చలికి వణుకుచున్న స్నేహితు లందరు
గట్టు దొరకకున్న గ్యాసు పొయ్యి
పడవలోనె పెట్టి పాలు కాచిరి యంత
నీటి నడుమ మంట నిలిచి వెలిగె.

గ్యాసు పొయ్యిని ఆటవెలదిలోకి దించినందుకు శభాష్. మొదటి పాదంలో యతి తప్పింది. చ–స హల్లులకు మైత్రి ఉంది, కానీ అచ్చులూ కలవాలి కదా. "చ"లో అ, "స్నే"లో ఏ. "చలికి వణుకుచున్న సహచరు లందరు" అంటే సరిపోతుంది. నా అసలు అభ్యంతరం వేరే. ఊగే పడవలో పొయ్యి వెలిగించకు నాయనా. యతి తప్పితే దిద్దుకోవచ్చు.

వేములవాడ సోదరి:

కార్తికమున నొక్క కాంత గోదారిలో
నరటి దొప్పలోన నమర జేసి
విడిచి పెట్ట దివ్వె వీడని గాలిలో
నీటి నడుమ మంట నిలిచి వెలిగె.

"నరటి – నమర" యతి ముచ్చటగా ఉందమ్మా. "వీడని గాలి"తో దీపానికి పోటీ పెట్టారు, అదీ బాగుంది. చలికాలపు పడవ ప్రయాణం నుంచి కార్తీక దీపానికి వెళ్లినా నాకు పట్టింపు లేదు. కానీ దొప్పలో వదిలిన దీపం కొట్టుకుపోతుంది కదా, "నిలిచి" ఎలా కుదురుతుంది?

వేములవాడ: మీరు రేవు మెట్ల మీద ఎప్పుడూ కూర్చోలేదనుకుంటా సార్. బండరాయికి దిగువన చిన్న సుడి ఉంటుంది. అందులో పడ్డ దొప్ప ముందుకు పోదు. చమురు అయిపోయేదాకా అక్కడక్కడే తిరుగుతుంది. మా అమ్మ వదిలింది అట్లా తిరగడం చూసే రాశాను.

ఈ మాటతో నా నోరు మూతపడింది. ఆ సుడి పద్యంలోకి కూడా వచ్చి ఉంటే మొదటి స్థానం మీదే.

ఆ స్థానం పరకాల మిత్రుడికి పోయింది:

తెల్లవారు వేళ తెడ్డు పట్టిన వాని
కడుపు నిండ నీళ్లె కాని మెతుకు
లేదు, సకినమొకటి లేదాయె సంచిలో!
నీటి నడుమ మంట నిలిచి వెలిగె.

అందరూ మంటను నది మీద వెతికారు, ఇతను కడుపులో చూశాడు. తాగిన నీళ్ల నడుమ ఆకలి మంట! "మెతుకు" దగ్గర పాదం ఆగి, "లేదు" కింది పాదంలోకి జారడం చూడండి, సంచిలో చెయ్యి పెట్టి తడుముతున్నట్టే లేదూ? సంక్రాంతి ముందు మన వైపు ఏ ఇంట్లో చూసినా గుడ్డ మీద సకినాలు చుట్టి ఉంటాయి. ఆ రోజుల్లో సంచిలో ఒక్కటీ లేదంటే అది మామూలు కష్టం కాదు. "నీళ్లె" అని ఏకారం కుదించడం ఛందస్సు కోసమే, పద్యంలో చెల్లుతుంది.

మంథని: అన్నా, నిజంగా ఏమీ తీసుకుపోలేదా?

పరకాల: తీసుకుపోయినం. డబ్బా రెండో పడవల ఉండె, ఆ పడవ ముందుకు పోయింది.

అడిగారు కాబట్టి నాదీ పెడుతున్నా:

ఒడ్డు మీద వేయ నొక చిన్న చలిమంట
యలలు లేని రేయి నద్దమైన
నదిని దాని నీడ నడిమికి సాగగా
నీటి నడుమ మంట నిలిచి వెలిగె.

వేములవాడ: సార్, "నడిమికి" అని, వెంటనే "నడుమ" అన్నారు. మాకైతే పునరుక్తి అని ఎర్ర గీత గీసేవారు. "నదిని దాని నీడ నా కంట పడినంత" అంటే?

గణాలు లెక్కపెట్టాను. యతి న–నా, సరిపోయింది. నా పాదం కంటే బాగుంది కూడా, మార్చేశాను.

వచ్చే వారానికి, ఇదీ ఆటవెలదే: "మంచు కురియ చెమట మడుగు కట్టె". జ్వరం తగ్గి చెమట పట్టిందని మాత్రం రాయకండి, అది నేను ముందే రాసేసుకున్నాను.